ఏడొందలకు మించి కావండి

నేను ఒక కుండను. కుండ అనగానే ఇసక మీద చల్లగా కూర్చుని, మెళ్ళో తడిగుడ్డ చుట్టుకుని, వచ్చేపోయేవాళ్ళకు మంచినీళ్ళిచ్చేదాన్ని ఊహించుకోకండి. అంత సుఖం నా జాతకంలో లేదు. నా మూతి కిందికి, అడుగు పైకి. పనిలో చేరిన దగ్గర్నుంచి తలకిందులుగానే బతికాను. కడుపులో కొబ్బరాకు మంట, పైన బియ్యప్పిండి పాలలో ముంచిన పల్చటి గుడ్డ. ఆ గుడ్డ ఇలా పడి అలా లేచేసరికి నా మీద దోమతెర కన్నా పల్చటి పొర ఒకటి మిగులుతుంది. దాన్ని రేకు అంటారు. రెండు రేకులకు నెయ్యి రాసి, బెల్లం పొడి చల్లి మడిస్తే పూతరేకు. మీరు తినే ఉంటారు. తిన్నవాళ్ళు నెయ్యి బాగుందంటారు, బెల్లం బాగుందంటారు, ఇంకేమీ తోచకపోతే డబ్బా బాగుందంటారు. కుండ బాగుందన్న మనిషిని నేనింతవరకూ చూడలేదు. అందుకని నా గురించి నేనే చెప్పుకుంటున్నాను.

నన్ను చేసినవాడు గోదావరి గట్టు కింద ఉండే పోలయ్య. నీళ్ళ కుండలు రోజుకు ఇరవై అలవోకగా లాగేసే పోలయ్య, నాలాంటిదాన్ని మాత్రం రోజుకొకటే చేసేవాడు. అదీ ఇంట్లో పోట్లాట లేని రోజున. మా అడుగు గోరు తగలనంత నున్నగా ఉండాలి, గుండ్రం ఎక్కడా తప్పకూడదు. ఆవంలో కాల్చి తీశాక వేలితో కొట్టి, చెవి ఒగ్గి విని, నచ్చకపోతే మారు మాట్లాడకుండా పక్కన పెట్టేసేవాడు. నాకు ముందు అలా నలుగురు పక్కకు పోయారు. నేను అయిదోదాన్ని.

నన్ను కొన్నావిడ సూరాయమ్మ. కొత్త కుండ కొన్న మర్నాడే పనిలోకి దిగదని ఆవిడకు తెలుసు. మాకు కుదురుకోవడానికి ఇరవై రోజులు పడుతుంది. రోజూ కాసేపు మంట వెయ్యడం, నూనె గుడ్డతో తుడవడం, చల్లారనివ్వడం, మళ్ళీ మంట. ఆ ఇరవై రోజుల్లో వచ్చిన రేకులన్నీ చిల్లులు, చిరుగులు. సూరాయమ్మ ఒక్కనాడు విసుక్కోలేదు. కొత్తకోడలికి కూడా ఇంత గడువు ఇవ్వలేదని ఇరుగుపొరుగు అనేవారు. నిజమే కావచ్చు. ఆ కోడలు వీరవేణి.

అత్తాకోడళ్ళిద్దరూ గున్నేశ్వరరావు గారి షెడ్డులో రేకులు తీసేవారు. షెడ్డులో పన్నెండు కుండలు, పన్నెండు పీటలు. ఎవరి కుండ వాళ్ళు తెచ్చుకున్నదే. ఎవరు తీసినా డబ్బా మీద గున్నేశ్వరరావు గారి బొమ్మే ఉండేది, చిరునవ్వుతో. ఆయన చెయ్యి జన్మలో పిండిలో పడలేదు. పొగకు సూరాయమ్మ చూపు మందగించాక నా ముందు పీట వీరవేణిది అయింది. ఆ పిల్ల చేతిలో ఏదో ఉంది. గుడ్డ వెయ్యడంలో వెరపు లేదు, ఎత్తడంలో తొందర లేదు. కొన్నాళ్ళకు షెడ్డుకు వచ్చేవాళ్ళు, “ఆ చివర పీటమీదావిడ తీసినవి ఇవ్వండి” అని అడగడం మొదలెట్టారు. ఆ మాట వీరవేణి చెవిన పడింది. నా చెవినా పడింది. మనిషి మారేది ఇలాంటి చిన్న మాటలకే.

పదేళ్ళ తర్వాత ఒకరోజు నన్ను చీరలో చుట్టి, ఆటోలో పెట్టుకుని షెడ్డులోంచి బయటికి వచ్చేసింది. సొంతంగా, సొంత పేరుతో అమ్ముతానంది. గున్నేశ్వరరావు గారు కోప్పడలేదు. గుమ్మందాకా వచ్చి సాగనంపారు.

“ఎల్లండమ్మా, ఎల్లిరండి. మీ పీట ఎవరికీ ఇవ్వన్లెండి. పెళ్ళిళ్ళు ఆగే ఆషాఢందాకా అలాగే ఉంచుతాను,” అన్నారు.

తిట్టినా వీరవేణికి అంత మండేది కాదు. ఆ పీట మీదికి మళ్ళీ వెళ్ళకూడదు. ఆ ఇంట్లో ఆనాటి నుంచి జరిగినదంతా ఆ ఒక్క మాట చుట్టూనే జరిగింది.

వీరవేణి భర్త ఏడుకొండలు ఆటో నడుపుతాడు. మంచివాడు. ఫోనులో వ్యాపారం గురించి వీడియోలు చూడటం అతనికున్న ఒకే వ్యసనం. మా వ్యాపారంలో మొదట తయారైంది పూతరేకు కాదు, బోర్డు. ఎనిమిది అడుగుల బోర్డు. అందులో ఒక కుండ బొమ్మ. నిటారుగా నిలబడి, మూతికి మామిడాకులు కట్టుకుని, ఒంటికి పసుపు రాసుకుని పెళ్ళికూతురిలా ఉంది. అది నేనేనట. బోర్డు కట్టేసరికి చేతిలో ఉన్నదంతా అయిపోయి, నెయ్యి కొనడానికి అప్పటికప్పుడు పుట్టింటి వైపు చూడాల్సి వచ్చింది.

తర్వాతి ముచ్చట చుట్టాలది. సరుకు ఎలా ఉందో తెలుసుకోవడానికి ఏడుకొండలు నాలుగు వీధుల్లోని బంధువులందరికీ తలా అరడజను పంచాడు. అందరూ అద్భుతమన్నారు. ఊరికే వచ్చిన మిఠాయిని బాగోలేదనే చుట్టం ఇంకా పుట్టలేదు. అసలు ఆ దఫాలో బెల్లం కాస్త పులిసిన వాసన కొట్టింది. ఆ సంగతి నాకు తెలుసు, వీరవేణికి అనుమానం, మంచం మీంచి సూరాయమ్మ చెప్పింది కూడా. “పాతిక మంది బాగుందన్నారమ్మా,” అని కొడుకు ఆవిడ నోరు మూయించాడు. పాతికలో ఒక్కరూ కొనడానికి రాలేదని లెక్క చూసుకున్నది నెల తర్వాత.

ఇక రకాలు. బెల్లం, పంచదారతో ఆగొచ్చు కదా. చాక్లెట్, డ్రైఫ్రూట్, గులాబీ, కాఫీ, కారప్పొడి కూడా. మొత్తం పద్నాలుగు. కారప్పొడి పూతరేకు తిన్న మనిషి ముఖం నేను చూశాను. అది నేను వర్ణించను, ఎవరి పరువైనా పరువే.

గ్యాసు పొయ్యి సంగతి మాత్రం చెప్పాలి. అందులో ఏడుకొండలు తప్పు అంత లేదు. తల్లి కళ్ళు పొగకే దెబ్బతిన్నాయి, పెళ్ళాం కళ్ళు పోకూడదని అతని తాపత్రయం. నన్నడగలేదు, అదే తప్పు. కొబ్బరాకు మంట కడుపంతా పాకుతుంది, చుట్టూ సమంగా నిమురుతుంది. గ్యాసు మంట ఒక్కచోట కూర్చుని పొడుస్తుంది. దాంతో రేకు మధ్యలో రూపాయి బిళ్ళంత నల్లమచ్చ, అంచులు పచ్చి.

సూరాయమ్మ ఒక రేకు కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసింది.

“ఏవే పిల్లా, దీనికి ఈ బొట్టేంటే? పేరంటానికి గానీ ఎల్తందా?”

“నువ్వు పాతకాలం దానివమ్మా. పొగ లేదు, మసి లేదు, చూడు,” అన్నాడు ఏడుకొండలు.

“రేకు కూడా లేదు కదరా కొండలూ.”

మర్నాటికి కొబ్బరాకు తిరిగొచ్చింది. వారంలో పొగ పోవడానికి ఇనప రేకుల కప్పులోంచి ఒక గొట్టం కూడా వచ్చింది. ముందే ఆ గొట్టం పెట్టి ఉంటే సరిపోయేది. మనుషులు దగ్గరి దారి ఎప్పుడూ ఆఖర్నే కనిపెడతారు.

ఇవన్నీ తుడిచేస్తే పోయే మచ్చలు. అసలు ప్రమాదం వీరవేణి నాలుక చివర ఉంది. మా వైపు ఎవరైనా పెద్దవాళ్ళు ఏదడిగినా “ఆయ్” అంటారు. అలాగేనండీ, తప్పకుండానండీ, మీరెంత చెబితే అంతేనండీ అన్నవన్నీ కలిపి కుదించిన మాట అది. వినడానికి ఎంత బాగుంటుందో! గుమ్మంలోకి వచ్చిన మనిషికి కాదు అని చెప్పడం, కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళివ్వకపోవడం లాంటిదని చిన్నప్పటి నుంచి నేర్పుతారు. వ్యాపారం పెట్టిన రోజున ఆ పాఠం కొంచెం మరిచిపోవాలని మాత్రం ఎవరూ నేర్పరు.

వైశాఖంలో భీమవరం వైపు నుంచి ఒక కారు వచ్చి ఆగింది. దిగినాయన సోమరాజు గారు, పెళ్ళిళ్ళకు వంటలు ఒప్పుకునే పెద్దమనిషి. నిలబడే ఒక పూతరేకు నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నారు. వీరవేణి ఇంకో పూతరేకు పళ్ళెంలో పెట్టింది. ఆయన కళ్ళు తెరిచారు.

“తొమ్మిది రోజుల్లో మా వాళ్ళ పెళ్ళుందండమ్మా. రెండు వేలు కావాలి. అయిపోద్దా?”

“ఆయ్.”

“కొన్నిట్లో జీడిపప్పు బాగా దట్టించాలి.”

“ఆయ్.”

“ముందురోజు సాయంత్రానికి వ్యాను పంపుతాం. మాట తేడా రాకూడదు.”

“ఆయ్.”

కారు మలుపు తిరిగేదాకా వీరవేణి చేతులు కట్టుకునే ఉంది. మంచం మీంచి సూరాయమ్మ గొంతు సవరించుకుంది.

“ఆయన నీ మెళ్ళో పుస్తెలడిగినా ఆయ్ అనేద్దువేమోనే.”

“పెద్ద ఆర్డరు కదత్తా.”

“రెండు వేలంటే ఎన్ని రేకులు?”

“నాలుగు వేలు.”

“మన కుండకి రోజుకెన్ని తీత్తావు?”

“రెండొందల యాభై.”

“మరి తొమ్మిది రోజులకి?”

వీరవేణి కొంగు చివర వేలికి చుట్టుకుంది. ఆమెకు లెక్కలు వచ్చు. కారు దగ్గర నిలబడ్డప్పుడూ వచ్చు. “అంత పెద్దాయన ఎదురుగా నిలబడి అడుగుతుంటే మొహాన్నే కాదని ఎలాగంటానత్తా?” అంది. నా అడుగు మీద పిండి ఆరిపోయింది. నా తొమ్మిది రోజుల కష్టం అంతా కలిపినా సగం దాటి కాస్త పైకి వస్తుంది, అంతే.

ఏడుకొండలు ఉత్సాహం మాత్రం తగ్గలేదు. ఆటో వేసుకుని పోలయ్య దగ్గరికి వెళ్ళి ఆరు కొత్త కుండలు తెచ్చాడు. “ఇవి కుదరడానికి ఇరవై రోజులండి బాబూ, రేపే పొయ్యెక్కించకండి,” అని పోలయ్య చెప్పి పంపాడట. ఏడుకొండలు అక్కడ ఆయ్ అని, ఇక్కడికొచ్చి ఆ సాయంత్రమే ఆరు పొయ్యిలూ వెలిగించాడు. వాటి ముందు కూర్చోవడానికి వీధిలోని చుట్టాలనే పిలిచారు. పరాయివాళ్ళను పెడితే చుట్టాలు ఏమనుకుంటారు?

ఆ మూడు రోజులు నేను చూసినంత నవ్వులాట, ఏడుపు ఎప్పుడూ చూడలేదు. కుదరని కుండలకు రేకు అతుక్కుపోతుంది, గోరుతో గీకితే ముక్కలవుతుంది. వీరవేణి ఆడపడుచు గంగాభవాని తీసిన ప్రతి రేకూ చేప వలలా వచ్చేది. ఆవిడ దాన్ని ఎత్తి పట్టుకుని, “ఎలా ఉందొదినా?” అని అడిగేది. “పర్లేదొదినా, బానే ఉంది,” అనేది వీరవేణి. ఇంకో పది వలలు తయారయ్యేవి. అందరికీ టీలు పెట్టడం, పర్లేదని చెప్పడంతోనే వీరవేణికి పొద్దు గడిచిపోయింది. కుదిరిన కుండను నేనొక్కదాన్నే. ఆ మూడు రోజులూ నా కింద మంట లేదు. అందరినీ సంతోషపెట్టే హడావుడిలో పని వచ్చిన చేతికీ, పని వచ్చిన కుండకీ తీరిక దొరకలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం ఏడుకొండలు ఆటోలోంచి నాలుగు అట్టపెట్టెలు దింపాడు. ఎక్కడో సంతలో కొన్న రేకులు.

“ఇంక దిగులు లేదే వేణీ. నెయ్యి మనది, బెల్లం మనది. మడతపెట్టి మన డబ్బాలో పెట్టేద్దాం. ఎవరికి తెలుత్తాది?”

సూరాయమ్మ చెయ్యి చాపితే ఒకటి అందించారు. వేళ్ళ మధ్య పెట్టి నలిపింది.

“ఇది రేకేట్రా? నోటుబుక్కు అట్టలా ఉంది.”

“అమ్మా, పెళ్ళిలో ఇరవై రకాలు తిని లేచేవాడికి అట్టా రేకూ తేడా తెలుత్తాదేటి?”

అది అబద్ధం కాదు. చాలామందికి తెలియదు. వీరవేణి ఆ పెట్టెల వైపు చూస్తూ నా ముందు పీట మీద కూలబడింది. ఆమె మనసులో ఏముందో నాకు తెలుసు, అన్నేళ్ళు ఎదురెదురుగా కూర్చున్నాం. ఈ అట్టల్ని తన పేరుతో పంపితే పదిమందీ తిని, ఆ పేరు ఇంతేననుకుంటారు. పంపకపోతే సోమరాజు గారి నోటి మాట చాలు, రేపట్నుంచి ఒక్క కారూ ఆగదు. ఎటు వెళ్ళినా ఆ షెడ్డులో చివరి పీట కనిపిస్తోంది.

 తర్వాత చల్లబడ్డ నా అడుగు మీద అరచెయ్యి వేసి, ఎవరికీ వినపడకుండా, “కావండి,” అంది. మాట సగంలోనే తెగింది. మళ్ళీ అంది. మూడోసారి కాస్త నిలబడింది. ఆమె జన్మలో మొదటి కాదు నాతో చెప్పింది. నేను నొచ్చుకోలేదు. ఇంత చిన్న మాటకు ఇంత సాధన కావలసి వచ్చిందే అని మాత్రం అనిపించింది.

తర్వాత ఫోను తీసింది.

“సోమరాజు గారాండి? పూతరేకుల వీరవేణినండి.”

“ఆ, చెప్పండమ్మా. తయారైపోతన్నాయా?”

“లేదండి. రెండు వేలు నా వల్ల కావండి. ఏడొందలకు మించి కావండి.”

 అవతలి కేక ఇంట్లో అందరికీ వినపడింది.

“ఇదేం మాటమ్మా! ఆవాళ ఆయ్ ఆయ్ అని తల ఊపారే! ఆరు రోజుల్లో పెళ్ళి పెట్టుకుని ఇప్పుడా చెప్పేది?”

“తప్పు నాదేనండి. ఆవాళే చెప్పాల్సింది, మొహమాటపడ్డాను. ఇవాళ చెప్తే మీ చేతిలో ఆరు రోజులుంటాయండి. వ్యాను వచ్చాక చెప్తే ఏమీ ఉండదు కదండి.” ఆ పెట్టెల వైపు చూసింది. “బయటి రేకులు తెచ్చి నా డబ్బాలో పెట్టి ఇచ్చెయ్యొచ్చండి. ఇంట్లో ఉన్నాయి కూడా. అది నేను చెయ్యనండి. మిగతావి గున్నేశ్వరరావు గారి దగ్గర దొరుకుతాయి. అక్కడ రేకు బాగుంటదండి, నేను పదేళ్ళు తీశాను.”

ఏడుకొండలు రెండు చేతులతో తల పట్టుకున్నాడు. ఏ దుకాణం నుంచి పారిపోయి వచ్చిందో ఆ దుకాణానికే దారి చూపించడం ఏ వీడియోలోనూ లేదు. సోమరాజు గారు ఇంకో నాలుగు మాటలని ఫోను పెట్టేశారు. అవి చెప్పదగినవి కావు.

గంట గడిచింది. గంగాభవాని వాళ్ళు ఒక్కొక్కరే పిండి గిన్నెలు కడిగి బోర్లించి, చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయారు. వీరవేణి నా కిందికి కొబ్బరాకు తోసి మంట వెయ్యబోతుంటే ఫోను మోగింది.

“ఆ ఏడొందలైనా నికరమేనా?” అన్నారు సోమరాజు గారు, గొంతులో ఇంకా వేడి తగ్గకుండా.

వీరవేణి పెదవుల దాకా ఆయ్ వచ్చింది. నేను చూశాను. దాన్ని మింగి, వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. ఆరు రోజులు, రోజుకు రెండొందల యాభై, అందులో చిరుగులు పోను.

“నికరమండి,” అంది.

ఆ ఆరు రోజులూ నా బతుకులో నేను గర్వంగా చెప్పుకునే రోజులు. టీలు లేవు, పలకరింపులు లేవు. గుడ్డ పడటం, లేవడం, అంతే. ఏడుకొండలు ఆటో కట్టేసి కొబ్బరాకులు చీల్చి అందించాడు. సూరాయమ్మ మంచం మీంచే ఒక్కో రేకుల కట్టను చేత్తో తడిమి, నాసిరకమైతే పక్కకు గిరాటేసింది. ఆవిడ గిరాటేసినవాటిని కొడుకు తిరిగి తెచ్చి కలపబోతే ఆ చెయ్యి మీద ఒక్కటి వేసింది కూడా. వ్యాను వచ్చేసరికి ఏడొందలు కట్టి ఉన్నాయి, పైన ఇంకో పది. సంతలో కొన్న అట్టలు ఏమయ్యాయని అడక్కండి, ఏడుకొండలు నెల్లాళ్ళు పాలల్లో ముంచుకుని తిన్నాడు.

ఆ తర్వాత అద్భుతాలేమీ జరగలేదు. ఆషాఢం వచ్చింది, పోయింది. వీరవేణి ఆ షెడ్డు వైపు వెళ్ళలేదు. ఆ పెళ్ళిలో తిన్నవాళ్ళెవరో యాభై కావాలని వచ్చారు, వాళ్ళు చెప్పగా ఇంకొకరు వందకు వచ్చారు. పద్నాలుగు రకాలు రెండయ్యాయి. ఆరు కొత్త కుండల్నీ ఈసారి ఇరవై రోజుల చొప్పున తీరుబడిగా కుదిర్చింది. నాలుగు నిలబడ్డాయి, రెండు పనికిరావని పోలయ్య లాగే మారు మాట్లాడకుండా పక్కన పెట్టింది. గంగాభవానిని కూర్చోబెట్టి, “ఒదినా, నీకు రేకు రాదు. మడత మాత్రం నీలా ఎవరూ పెట్టలేరు,” అని చెప్పింది. గంగాభవాని రెండు రోజులు అలిగి, మూడో రోజు మడత పీట మీదికి వచ్చింది. ఇప్పుడు ఆ మడతలు చూసి డబ్బా కొనేవాళ్ళున్నారు. బోర్డు మాత్రం అలాగే ఉంది. దాని మీద కుండ ఇంకా పెళ్ళికూతురే.

మరుసటి ఏడాది వేసవి మొదట్లో నా నడుం దగ్గర వెంట్రుకంత పగులు వచ్చింది. వీరవేణి వేలితో రాసి చూసింది. సున్నం పూసి ఇంకో నెల లాగించవచ్చు. అదివరకటి వీరవేణి అయితే అలాగే చేసేది, అత్తగారి కుండ కదా అని. ఈ వీరవేణి నన్ను దించి, పెరట్లో గోడవార నీడన పెట్టి, నా చోటులో పోలయ్య చేసిన కొత్తదాన్ని కూర్చోబెట్టింది. నాకు కాస్త చివుక్కుమంది. చివుక్కుమన్నా తప్పు పట్టలేకపోయాను. పగిలిన కుండ రేకు ఎలా ఉంటుందో నాకన్నా ఎవరికి తెలుసు?

పెరట్లోంచి అన్నీ వినపడతాయి, కనపడతాయి. ఒకరోజు సోమరాజు గారి ఫోను వచ్చింది. ఏడాది తర్వాత.

“మా తమ్ముడి కూతురి పెళ్ళండమ్మా, ఇరవై రోజులుంది. మీ వల్ల ఎన్ని అవుతాయో మీరే చెప్పండి. మిగతావి నేను చూసుకుంటాను.”

వీరవేణి వెంటనే చెప్పలేదు. పొద్దున్న చెప్తానంది. ఫోను పెట్టేసి ఒక్కో కుండ దగ్గరికీ వెళ్ళి అడుగు నిమిరి చూసింది. ఒక్కో మనిషినీ ఏ రోజు వస్తారో, ఏ రోజు రారో అడిగి తెలుసుకుంది. గంగాభవాని ఆడపడుచు సీమంతం ఏ రోజో కూడా అడిగింది.

ఆ సాయంత్రమే నన్ను పక్కకు ఒరగబెట్టి, గడ్డి తెచ్చి నా కడుపులో పరిచి పెట్టకోడిని కూర్చోబెట్టింది. పొదగడానికి దాని కింద పదకొండు గుడ్లు సర్దింది. చేతిలో ఇంకొకటి మిగిలితే, ఇదీ ఉండనీ అని మెల్లగా దాని రెక్క కిందికి తోసింది. కోడి కాసేపు కదిలింది, సర్దుకుంది, మళ్ళీ కదిలింది. ముక్కుతో ఆ పన్నెండోదాన్ని బయటికి దొర్లించి, రెక్కలు దగ్గరికి ముడుచుకుని, కళ్ళు మూసుకుంది.

వీరవేణి మోకాళ్ళ మీద కూర్చుని ఆ కోడిని చాలాసేపు చూసింది. తర్వాత గుడ్డు తీసి కొంగుతో తుడుచుకుని, ఏడుకొండలుకు అట్టు పొయ్యడానికి లోపలికి వెళ్ళింది.